చేతుల మీద నీళ్లు

తలుపు తీసిన సమ్మవ్వ పేడనీళ్ల సాన్పు బకెట్టు పట్టుకుని గడప మీదే ఆగిపోయింది.

వాకిట్లో ఎవరో నల్లటి నీళ్లు గుమ్మరించి పోయారు. బొగ్గుపొడి కలిపి మరీ తెచ్చినట్టున్నారు. మెట్టు మీద చిక్కగా పేరుకుని, నిన్నటి ముగ్గును మింగేసి, మోరీ దాకా పారాయి.

ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని కూతురు సంధ్యారాణికి తర్వాత అనిపించింది. అవ్వ నోరు విప్పితే క్వార్టర్ల లైను మొత్తం లేచి వచ్చేది, ఎవరో ఒకరు జాలిపడేవాళ్లు. సమ్మవ్వ మాత్రం బకెట్టు దించి, చీపురు అందుకుని, పీనుగ లేచిన ఇల్లు కడిగినట్టు కడగడం మొదలుపెట్టింది.

"అవ్వా, ఎవలు చేసిండ్రు గిది?"

"మెల్లగ మాట్లాడు."

"మనమేం తప్పు చేసినమని మెల్లగ మాట్లాడాలె?"

"మెల్లగ మాట్లాడుమన్న గద!"

ఆ కేక మాత్రం నాలుగిళ్లకు వినిపించింది. ఎదురింటి కిటికీ రెక్క ఒకటి చప్పున మూసుకుంది.

సమ్మవ్వ భర్త రాయమల్లు బనీను సర్దుకుంటూ బయటికి వచ్చాడు. పాతికేళ్లుగా బొగ్గుబాయి పని చేస్తున్న మనిషి. వంగి, ఆ తడిని వేలితో తీసి, బొటనవేలికి రుద్ది చూశాడు.

"పొయ్యిబొగ్గే" అన్నాడు. "మనం నూరినట్టే వీళ్లు సుత నూరి కలిపిండ్రు."

"నీకు నవ్వులాటగున్నదా?"

"నవ్వుతలేనే. చూసి చెప్తున్న."

సమ్మె మొదలై నెల కావస్తోంది. తెలంగాణ తేలేదాకా గనిలోకి దిగేది లేదని ఎనిమిది ఇంక్లైన్ కాలనీలో మగవాళ్లంతా ఇంటిపట్టునే ఉన్నారు. షిఫ్టు దిగి వచ్చి ఒళ్లు కడుక్కునేవాళ్లు లేరు కాబట్టి ఏ మోరీలోనూ నల్లనీళ్లు పారడం లేదు. పారాయంటే ఆ ఇంటి మనిషి పోలీసుల బందోబస్తు మధ్య దొంగచాటుగా డ్యూటీకి పోయి వచ్చాడని అర్థం. అలాంటివాడి పక్కన కూర్చుని బీడీ కూడా ముట్టించుకోరు.

రాయమల్లు చేతులు కడుగుతుంటే నల్లనీళ్లు మోరీలోకి పారుతున్న వీడియో ఇప్పుడు కాలనీలో ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది.

దానికి కారకురాలు సంధ్యారాణే. డిగ్రీ చివరి సంవత్సరం చదివే ఈ పిల్లకు ఇంటర్నెట్లో ఒక గుంపు పరిచయమైంది. ముఖాలు తెలియని ఇద్దరు చెరో సగం తీసి, కలిపి, ఒక్క నిమిషం సినిమా చేయడం ఆ గుంపు పని. ఒకరికొకరు పడని ఊళ్లవాళ్లు, పడని దేశాలవాళ్లు అయితే మరీ మంచిదట. సంధ్యారాణికి జత కుదిరింది విజయవాడ పక్కన ఉయ్యూరులో ఉండే మల్లీశ్వరి. ఆమె తండ్రి ఆర్టీసీ బస్సు డ్రైవరు.

ఇద్దరూ కలిసి చేసిన సినిమాలో మాటలు లేవు, నీళ్ల చప్పుడే. మొదట ఇక్కడ సమ్మవ్వ చెంబు వంచుతుంది, రాయమల్లు మసి చేతులు కడుగుతాడు, నీళ్లు నల్లగా పారతాయి. రెండోసారి ఆమె చెంబు వంచితే ఆ నీళ్లు పడేది ఉయ్యూరులో గ్రీజు అంటిన డ్రైవరు చేతుల మీద. తర్వాత అక్కడ డ్రైవరు భార్య వంచిన నీళ్లు ఇక్కడ రాయమల్లు చేతుల మీద పడతాయి. చివర్లో అసలు సంగతి బయటపడుతుంది. ఆ మసి, ఆ గ్రీజు, రెండూ కూతుళ్లు నవ్వుతూ పూసినవే. ఇక్కడ సమ్మె, అక్కడ తెలంగాణ వైపు బస్సులు బంద్. 'ఈ చేతులకు ఇప్పుడు పని లేదు' అని ఒక వాక్యం వచ్చి అయిపోతుంది.

మల్లీశ్వరి దాన్ని ఆ గుంపులో పెట్టింది; ఇక్కడ సంధ్యారాణి ముచ్చటపడి ఒకే ఒక్క స్నేహితురాలికి పంపింది. గనులు ఆగి బొగ్గు లేక, కరెంటు సగం రోజు ఉండటం లేదు, నెట్టు సెంటర్లు మూతపడ్డాయి. కానీ ఒక ఫోనులోంచి ఇంకో ఫోనులోకి వీడియో ఎక్కించుకోవడానికి నెట్టెందుకు, బ్లూటూత్ చాలు. ఎవరి ఫోనులోనో చోటు చాలక తెగిందో, ఎవరైనా కావాలనే కోశారో, తిరుగుతున్నది మాత్రం మొదటి ముక్క ఒక్కటే. డ్రైవరు లేడు, నవ్వులు లేవు. రాయమల్లు, నల్లనీళ్లు, అంతే.

"మొత్తం చూపెడితె అయిపోతది గద బాపూ" అంది సంధ్యారాణి. అలా అడగడం ఇది మొదటిసారి కాదు. "నా ఫోన్ల ఉన్నది. పూసుకున్నది సుత కనవడుతది."

"వద్దన్న గద."

"ఎందుకు వద్దో చెప్పవైతివి."

రాయమల్లు లోపలికి పోయి, బొగ్గు అంటిన వేలిని చాలాసేపు కడుక్కున్నాడు.

*

నల్లా వచ్చే వేళకు సమ్మవ్వ బిందె తీసుకుని పోయింది. లైనుకు ఒకటే నల్లా. బిందెలు వరసగా పెట్టి, పక్కన కబుర్లు పెట్టుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆమె రాగానే కబుర్లు ఆగిపోయాయి.

ఆమె బిందె పెట్టింది. వంతు వచ్చింది. ముందున్నామె తన బిందె తీస్తూ తీస్తూ సమ్మవ్వ బిందెను కాలితో పక్కకు జరిపింది. వెనకామె బిందె నల్లా కిందికి వచ్చింది. నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

సమ్మవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకుని తిరిగి వచ్చింది. నలభై అడుగుల దారి ఆమెకు బజారు మొత్తం దాటినట్టయింది.

కాసేపటికి పక్కింటి సుసన్నా పెరటి గోడ మీదుగా నిండు బిందె అందించింది. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే వీళ్లింట్లో చాయ్ తాగే మనిషి, ఈ రోజు చుట్టూ చూసుకుని మరీ చేతులు చాచింది.

"జల్ది అందుకో అక్కా. ఎవలన్న చూస్తరు."

"నువ్వు సుత భయపడుతున్నవా సుసన్నా?"

"అబద్ధం ఎందుకు చెప్పాలె, బుగులైతున్నది. మా ఇంటాయన సామ్యేల్‌ను నిన్న అడిగిండ్రట, మీ పక్కింటోడు డ్యూటీకి పోతుంటె నువ్వు చూడలేదా అని." గొంతు ఇంకా తగ్గించింది. "ఇయ్యాల చౌరస్తల వంటావార్పు ఉన్నది గద. రాయమల్లన్నను బంతిల కూసోనియ్యరట. అందరి ముంగట అడుగుతరట. అడిగేది ఎవలో తెలుసా? మీ తమ్ముడే."

బిందె సమ్మవ్వ చేతుల్లో కొద్దిగా ఒరిగింది. చీర తడిసింది.

"సదయ్యనా?"

"సమ్మె కమిటీల ఉన్నడు గద. సొంత బావ అని ఇడిచిపెట్టిండు అనిపిచ్చుకోనని అన్నడట."

*

సదయ్య పదకొండు గంటలకు వచ్చాడు. మామూలుగా అయితే గేటు తీస్తూనే "అక్కా, ఏం వండినవ్?" అని అరిచే మనిషి. ఈ రోజు గేటు బయటే నిలబడ్డాడు. మెడలో గులాబీ కండువా, చేతిలో వంటావార్పుకు పంచుతున్న ఇస్తరాకుల కట్ట.

"లోపలికి రా తమ్మీ."

"వద్దక్కా. ఒక్క మాట చెప్పి పోత."

సమ్మవ్వ కుర్చీ బయటికి తెచ్చి వేసింది. అతను కూర్చోలేదు. ఆమె తీసుకుపోలేదు. ఆ కుర్చీ వాళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

"బావా, నువ్వు పోలేదని నాకెరుక" అన్నాడు సదయ్య. "నా పానం మీద ఒట్టు, నేను నమ్మలే. కని నాకెరుకైతె సాలదు. మంది ఉన్నరు. నెల సంది పొయ్యి ముట్టియ్యనోళ్లు ఉన్నరు. వాళ్లకు నేనేం చెప్పాలె?"

"పోలేదని చెప్పు" అన్నాడు రాయమల్లు.

"ఉత్తగ చెప్తె వింటరా? నేనొక తొవ్వ చెప్త. ఆంధ్ర పిల్లెవతో మా పిల్లను మోసం చేసింది, ఇట్ల తీసి పంపుమన్నది, సమ్మె మీద మసి పూసుడే వాళ్ల పని అని చెప్పు. మాఫీ అడుగు. నేను పక్కన నిలవడుత. గంటల మాట ఖతం అయితది."

"మల్లీశ్వరి మోసం చేసుడేంది మామా?" సంధ్యారాణి ముందుకు వచ్చింది. "ఆ ఆలోచన నాది సుత. ఇద్దరం కలిసి తీసినం. మొత్తం వీడియో చూడు, నీకే తెలుస్తది."

"గదే నేను సుత అంటున్న! మొత్తం ఉన్నదంటివి గద, చూపెట్టు మరి. ఏమున్నది అండ్ల?"

సంధ్యారాణి ఫోను తీసింది. రాయమల్లు చెయ్యి చాచి, ఆ ఫోనును ఆమె చేతితో సహా గట్టిగా పట్టుకున్నాడు. ఆమెకు నొప్పి పుట్టింది. బాపు ఎన్నడూ ఆమెను అలా పట్టుకోలేదు.

"చూసేదేం లేదు తమ్మీ" అన్నాడు. "నేను వస్త. అడుగున్రి. నేనే చెప్పుకుంట."

సదయ్య బావ ముఖం వైపు కొద్దిసేపు చూశాడు. ఆ చూపులో మొదటిసారి అనుమానం కనబడింది.

"అయితె నిజంగనే ఏమన్న ఉన్నదా బావా?"

ఇస్తరాకుల కట్ట చంకలోకి మార్చుకుని అతను వెళ్లిపోయాడు. గేటు వేయలేదు.

*

"ఎందుకు చూపియ్యనియ్యవు? దొంగోని లెక్క ఎందుకు నిలవడుతవ్?" సంధ్యారాణి ఏడుస్తోంది. "నన్ను బజాట్ల అందరు చూస్తుంటె నాకెట్లున్నదో నీకు తెలుసా? ఆంధ్రోళ్లతోటి కలిసి తీసినమంటె తిడుతరు, తిట్టనీ. తిడితె సస్తమా?"

"నీకు తెల్వదు బిడ్డా. ఊకో."

"తెల్వకుంటె చెప్పు!"

"చెప్పు" అంది సమ్మవ్వ. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. "ఇంకెన్ని దినాలు దాస్తవ్? నువ్వు చెప్పకుంటె నేనే చెప్త." కూతురి వైపు తిరిగింది. "ఆ డ్రైవరు నొసటి మీద దెబ్బ ఉన్నది గద. గది కొట్టింది మీ మామ."

వంటింట్లో అన్నం పొంగి పొయ్యి మీద పడింది. ఎవరూ లేవలేదు.

డ్రైవరు నొసటి మీద కనుబొమ్మ దాకా మచ్చ ఉన్న మాట నిజమే. అది రాయి దెబ్బ అనీ, మీ వైపు ఎక్కడో తగిలిందనీ మల్లీశ్వరి ఒకసారి చెప్పింది. సంధ్యారాణి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు. వినాల్సింది ఇంత దగ్గరిదని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

రాయమల్లు నేల వైపు చూస్తూ మాట్లాడాడు.

"పోయిన ఎండకాలం పెద్దపల్లి తొవ్వల రాస్తారోకో అయ్యింది. నేనున్న, మీ మామ ఉన్నడు. మంచిర్యాల పోయే విజయవాడ బస్సు వచ్చి ఆగింది. అద్దాలు పగలగొట్టున్రి అని ఎవలో ఒర్లిండ్రు. వాడు అద్దానికే కొట్టిండు బిడ్డా. మనిషిని కొట్టాలని కొట్టలే. అద్దం ఎనుక మనిషి ఉంటడని ఆ కోపంల ఎవలికి యాదికుంటది?"

"తర్వాత?"

"ఆయన దిగి కింద కూసున్నడు. నెత్తురు కండ్లల్లకు కారుతున్నది. నేను ఉరికి నా తువ్వాల కట్టిన. చేతుల నిండ నెత్తురు, జర కడుక్కుంట, నీళ్లు పొయ్యన్నా అన్నడు. పక్కకే కుండ ఉన్నది. చెంబు సుత ఉన్నది." ఆగాడు. "చుట్టూ మనోళ్లు నిలవడి చూస్తున్నరు. నీళ్లు పోస్తె ఏమంటరో అనిపిచ్చింది. పొయ్యలే."

సంధ్యారాణికి అప్పుడు అర్థమైంది. మల్లీశ్వరి పంపిన సగం మొదట చూపించిన రోజు, అంతకుముందు దాకా "నాకీ వేషాలేంది" అని విసుక్కున్న బాపు "ఆ మనిషిని మల్ల చూపెట్టు" అన్నాడు. చూసి బయటికి పోయాడు. తిరిగి వచ్చి, ఎవరూ అడగకుండానే పొయ్యిబొగ్గు తీసుకుని తనే నూరాడు. సినిమా పిచ్చి పట్టిందని ఆమె నవ్వింది కూడా.

"ఆ దెబ్బ మీద పేరు లేని కేసున్నది" అంది సమ్మవ్వ. "ఎవలు కొట్టిండ్రో తెల్వక పోలీసులు ఊకున్నరు. తెలిస్తె మీ మామ నౌకరి పోతది, జేలుకు పోతడు. ఆ దినం సంది వాడు ఆ తొవ్వల పోతలేడు. పెద్దపల్లిల పని పడితె రామగుండం పోయి రైలెక్కుతడు గని బస్సెక్కడు. ఇయ్యాల నలుగురి నడుమ ఆ మొఖం చూస్తె వాడు ఏమైపోతడో! నా ఎనుక పుట్టినోడు. చేతులమీద పెంచిన."

"మరి బాపు ఏం కావాలె అవ్వా?"

సమ్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడా, పెనిమిటా అని ఎవరైనా అడుగుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అదే సమయానికి ఫోను మోగింది. సంధ్యారాణిది చైనా ఫోను. చవకలో వచ్చింది, ఎత్తితే చాలు అవతలి మాట వీధి దాకా వినబడుతుంది. తెరమీద 'మల్లి ఉయ్యూరు' అని ఉంది.

"సంధ్యా, ఫోను కలవక చచ్చిపోతున్నాను. అక్కడ గొడవయిందటగా? ఇక్కడా అలాగే ఉంది. కొట్టినవాళ్లతోనే నీళ్లు పోయించుకున్నావా అని డిపోలో నాన్నని అందరి ముందూ అన్నారు."

"మల్లీ, గుంపుల నుంచి తీసేద్దామా దాన్ని?"

"నాన్న తీయొద్దన్నారు. మీ నాన్నగారితో ఒక్కసారి మాట్లాడాలంటున్నారు. ఎందుకో నాకూ చెప్పట్లేదు. ఇంటికి రాగానే ఫోను చేయిస్తాను."

"వద్దు! ఇయ్యాల వద్దు మల్లీ. విను…"

లైను తెగింది. తిరిగి చేస్తే కలవలేదు. టవరుకు కూడా కరెంటు ఉండాలి కదా.

*

చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు పెట్టి వండారు. అన్నం, పప్పుచారు, వంకాయ కూర. డప్పులు ఆగాయి. తారు రోడ్డు మీద పట్టాలు పరిచి బంతి వేశారు. మగవాళ్లు ఒక వరస, ఎదురుగా ఆడవాళ్లు ఒక వరస.

రాయమల్లు పోయి వరస మధ్యలో కూర్చున్నాడు. కుడి పక్కనున్నవాడు లేచి ఎక్కడికో పోయాడు. ఎడమ పక్కనున్నవాడు ఇస్తరాకు లాక్కుని జరిగాడు. ఇటు ఒకరు, అటు ఒకరు పట్టేంత చోటు ఖాళీ అయింది.

ఎదుటి వరసలో సంధ్యారాణి అవ్వ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. ఉయ్యూరు నుంచి మళ్లీ మోగుతుందన్న భయంతో ఫోను ఆపేద్దామని రెండుసార్లు తీసింది. ఆపితే మళ్లీ వెలుగుతుందో లేదో, చార్జింగ్ చివరి గీత మీద ఉంది. బాపు ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటాడేమోనన్న ఆశ ఆమెను ఆపనివ్వలేదు.

చేతులు కడిగించే చెంబు వరస వెంట వస్తోంది. పట్టుకున్నది సదయ్యే. పక్కన బకెట్టుతో ఎల్లేశం అనే కమిటీ మనిషి. ఒక్కొక్కరు చేతులు చాస్తున్నారు, సదయ్య వంచుతున్నాడు. రాయమల్లు దగ్గరికి వచ్చేసరికి ఆగింది.

రాయమల్లు చేతులు చాచాడు.

సదయ్య వంచలేదు.

"చెప్పు బావా" అన్నాడు గట్టిగా, అందరికీ వినిపించేలా. "సమ్మెల డ్యూటీకి పోయినవా, లేదా?"

"పోలే."

"మరి ఆ నల్లనీళ్లెక్కడియి?"

"పొయ్యిబొగ్గు నూరి పూసుకున్న. పిల్ల వీడియో తీస్తనంటె."

ఎవరో నవ్వారు. ఎల్లేశం బకెట్టు దబ్బున కింద పెట్టాడు. "బాయి బంద్ పెట్టి మనం సస్తుంటె ఈయనకు నాటకాలు కావాల్నట! ఉత్త మాటలు నమ్మడానికి మేం పిచ్చోళ్లమా? సాక్ష్యం చూపెట్టుమను."

"సాక్ష్యం లేదు" అన్నాడు రాయమల్లు.

"లేదంటున్నడు! ఇన్నరా?"

"ఆకు తియ్యున్రి!" అని వరస చివరినుంచి ఒక కేక వచ్చింది. తర్వాత ఇంకొకటి. ఎల్లేశం వంగి రాయమల్లు ముందున్న ఇస్తరాకు అంచు పట్టుకున్నాడు. రాయమల్లు చేతులు మాత్రం ఇంకా చాచే ఉన్నాయి. దించడం మర్చిపోయినట్టు, ఎవరో ఒకరు పోస్తారని నమ్ముతున్నట్టు. ఆ రోజు నీళ్లు పోయనందుకు పడే శిక్ష ఇదేనని ఒప్పుకున్నట్టు కూడా ఉన్నాయని సంధ్యారాణికి అనిపించింది.

పక్కన సమ్మవ్వ లేచింది.

కూతురి ఒళ్లోని ఫోను తీసుకుంది. రెండు వరసల మధ్య ఆ కాస్త జాగా దాటి తమ్ముడి ముందు నిలబడింది.

"ఆకు ఇడిచిపెట్టు ఎల్లేశం. సాక్ష్యం ఇగో. కని అందరికి గాదు." ఫోను తమ్ముడి చేతిలో పెట్టింది. "అడిగినోడివి నువ్వు గద. నువ్వొక్కనివే చూడు. చూసినంక పోలేదని నువ్వే చెప్పు, లేకుంటె ఆకు నువ్వే తియ్యి. నేనేమనను."

"సమ్మీ, వద్దే…" అన్నాడు రాయమల్లు. ఆమె వినలేదు.

సదయ్య ఎడమ చేతిలో చెంబు, కుడి చేతిలో ఫోను. సంధ్యారాణి వచ్చి వేలితో నొక్కింది. నీళ్ల చప్పుడు వినిపించింది.

ఆమె తెర వైపు చూడలేదు, మామ ముఖమే చూసింది. మొదట కోపం. అవ్వ చెంబు వంచిన చోట చిన్న మెత్తదనం. తర్వాత నీళ్ల చప్పుడు మారింది. ఇప్పుడు ఉయ్యూరు వచ్చింది. డ్రైవరు చేతులు కడుక్కుని, తడి అరచేత్తో ముఖం తుడుచుకుంటూ నెమ్మదిగా తలెత్తుతాడు.

సదయ్య చేతి చెంబులో నీళ్లు అంచు దాటి అతని కాళ్ల మీద పడ్డాయి. అతనికి తెలియలేదు.

వీడియో పూర్తయింది. కూతుళ్ల నవ్వులు కూడా అయిపోయాయి. అతను ఇంకా ఆ నల్లబడిన తెర వైపే చూస్తున్నాడు.

"ఏమున్నదన్నా?" అన్నాడు ఎల్లేశం. "పోయిండా, పోలేదా?"

సదయ్య తలెత్తి అక్క వైపు చూశాడు. చిన్నప్పుడు దెబ్బ తగిలించుకుని వచ్చి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలినప్పుడు చూసే చూపు అది. తర్వాత బావ వైపు చూశాడు.

"నీకు ముందుగాలనే ఎరుకనా బావా?" మెల్లగా అడిగాడు. రాయమల్లు తల దించుకున్నాడు.

"పోలే" అన్నాడు సదయ్య, ఎవరి వైపూ చూడకుండా. "బావ డ్యూటీకి పోలే. అది పొయ్యిబొగ్గే."

"చూపెట్టు మరి, మేం సుత చూస్తం!" ఎల్లేశం చెయ్యి చాచాడు. వరసలోంచి నలుగురు లేచారు. ఫోను ఇవ్వకుండా సదయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. గుంపు ఒక అడుగు ముందుకు వేసింది.

ఫోను మోగింది.

సంధ్యారాణి అందుకోబోయింది. ఎల్లేశం లాక్కోబోయాడు. ఆ పెనుగులాటలో ఎవరి వేలు తగిలిందో, మోత ఆగి, చౌరస్తా మొత్తానికి వినిపించేలా ఒక మగ గొంతు పలికింది.

"అమ్మా సంధ్యా, నేను మల్లి నాన్నని. మీ నాన్నగారికి ఒకసారి ఇవ్వమ్మా. పెద్దపల్లి దగ్గర ఆ రోజు నా తలకి తువ్వాలు కట్టిన మనిషి ఆయనేనా అని… వీడియోలో చూసినప్పటినుంచీ నాకు అదే అనిపిస్తోంది."

లేచినవాళ్లు లేచినచోటే నిలబడ్డారు. ఆ రాస్తారోకోలో ఉన్నవాళ్లు ఆ వరసలో పదిమందైనా ఉంటారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"హలో? అమ్మా? అక్కడ ఎవరన్నా ఉన్నారా?"

రాయమల్లు పట్టా మీదినుంచి లేచి ఫోను కోసం చెయ్యి చాచాడు. "ఇటియ్యి తమ్మీ. నేను మాట్లాడుత. నువ్వు పో ఇంటికి."

సదయ్య ఇవ్వలేదు. చెంబు మెల్లగా కింద పెట్టాడు. రాయి విసిరిన ఆ కుడి చేత్తోనే ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"ఎవరండీ మాట్లాడేది?" అంది ఉయ్యూరు గొంతు.

సమ్మవ్వ కళ్లు మూసుకుంది.

"నేను…" అన్నాడు సదయ్య.